తర్వాతి పేజీ

నాన్నా,

ఈ ఉత్తరం చదివేముందు మీ చేతిలో ఉన్న ఎర్ర పెన్ను సొరుగులో పడేయండి. ఉందని నాకు తెలుసు. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్లో అయితే మీరు రెండో మాటకే "ఉండు, మీ అమ్మకిస్తున్నా" అంటారు. ఇది అమ్మ చేతికిచ్చి తప్పుకునే సంగతి కాదు.

సెలవులకి మా చిన్నదాన్ని పంపమని, మీ టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెట్టి నేర్పిస్తానని మీరడిగి చాలా రోజులైంది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. అది మాత్రం అప్పుడే సంచి సర్దుకుని కూర్చుంది. తాతయ్య దగ్గరున్న మిషన్లలో కిటికీ పక్కది తనకే కావాలట. నేనెందుకు నాన్చుతున్నానో చెప్పాలంటే ముందు మీకు పాచికల కథ చెప్పాలి.

మా పార్సిల్ ఆఫీసులో షిఫ్టు చూసేవాళ్ళందరూ సాయంత్రాలు గణాంకాల తరగతికి వెళ్ళాలని పైవాళ్ళు హుకుం జారీ చేశారు. సగటు, హెచ్చుతగ్గులు, పట్టికలు, అన్నీ మొదటి మెట్టు పాఠాలే. ఈ వయసులో నాకీ గోల ఏమిటని గొణుక్కుంటూనే వెళ్ళాను. పాఠం చెప్పే మేడమ్ ఒక రోజు తలా రెండు పాచికలిచ్చి వెయ్యమంది. పెద్ద అంకెలు పడ్డవాళ్ళకి మా అందరి చేతా చప్పట్లు కొట్టించింది. చిన్న అంకెలు పడ్డవాళ్ళని నిలబెట్టి, శ్రద్ధ లేదని, బుర్ర ఇంట్లో పెట్టి వస్తున్నారని చెడామడా తిట్టింది. నాకు రెండూ కలిపి మూడే పడింది కాబట్టి నాకూ నాలుగు తిట్లు పడ్డాయి. మళ్ళీ వెయ్యమంది. తిట్లు తిన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఈసారి ఎక్కువ పడింది. చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళకి దాదాపు అందరికీ తగ్గింది. "చూశారా, తిడితే బాగుపడతారు, పొగిడితే పాడైపోతారు" అంది మేడమ్. తరగతంతా గొల్లుమంది. నేను నవ్వలేకపోయాను, ఆ మాట నాకు మీ గొంతుతో వినిపించింది.

తర్వాత ఆవిడ అడిగింది: "పాచికలకి చెవులున్నాయా?"

ఆలోచించండి నాన్నా. మూడు పడ్డాక ఇంకా కిందికి పోవడానికి రెండు తప్ప చోటేది? మామూలుగా ఏది పడినా ఎక్కువే అవుతుంది. పన్నెండు పడ్డాక మామూలుగా ఏది పడినా తక్కువే. మనం తిట్టినా తిట్టకపోయినా అంతే. టైపులో తప్పులెక్కువ కొట్టినవాణ్ణి నాలుగు దులిపితే మర్నాడు తగ్గుతాయని, బాగా కొట్టినవాణ్ణి మెచ్చుకుంటే నెత్తికెక్కుతుందని మీరు ముప్పై ఏళ్ళుగా అంటున్నారు. కళ్ళారా చూశానంటారు. నిజంగానే చూశారు. నాకు వింతగా ఉన్నది అదే, మీరు చూసింది అబద్ధం కాదు. మరి మీ తిట్లు పనిచేశాయా, లేక మీ దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా పాచికల్లాగే ఒక రోజు బాగా, ఒక రోజు మామూలుగా పడ్డారా?

ఒట్టి కుతూహలంతోనే అడుగుతున్నానంటే మీరు నమ్మరు. నమ్మకండి. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు ఒక రోజు పేజీ మొత్తం ఒకే ఒక్క తప్పుతో కొట్టాను. మీరు కుర్చీలోంచి లేచి, మిషన్లన్నీ ఆపించి, ఆ కాగితం పైకెత్తి "మా పిచ్చుక కొట్టింది ఇది" అన్నారు. మర్నాడు నా పేజీ నిండా తప్పుల చుట్టూ మీ ఎర్ర సున్నాలే. కాగితం నా ముందు పెట్టి "పొగిడితే ఇంతే" అన్నారు. అరవలేదు, అంతకుమించి ఏమీ అనలేదు. నేను మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు. చదువుకోవాలని వంక పెట్టాను. ఆ తర్వాత మీరు నన్ను దేనికీ మెచ్చుకోలేదు. ఉద్యోగం వచ్చిందని పరిగెత్తుకొచ్చి చెబితే జీతం ఎప్పటినుంచని అడిగి, మిషను రిబ్బను మార్చుకుంటూ కూర్చున్నారు. చాలా బాధేసింది నాన్నా. మా చిన్నదానికి ఆ బాధ వద్దని నాన్చుతున్నాను.

మేడమ్ మా అందరినీ పుస్తకంలోవి కాకుండా ఎవరి బతుకులోంచి వాళ్ళు అంకెలు తెచ్చుకోమంది. వెనక వైపు రాసుకోవడానికి పనికొస్తాయని మీరు అటక మీద దాచిన టైపు కాగితాల కట్టలు పంపండి. మీకు కంటి ఆపరేషనయినప్పుడు కొన్ని వారాలు మీ కుర్చీలో అమ్మ కూర్చుంది కదా, నీలం పెన్నుతో తప్పులు దిద్దింది, ఆ కట్ట కూడా కావాలి. అమ్మ ఎవరినీ తిట్టలేదు, పొగడలేదు. తప్పులు లెక్కపెట్టి అందరితోనూ "సరే, ఇంకో పేజీ కొట్టు" అనేది. మీ కట్టతో పోల్చి చూడ్డానికి నాకు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే.

మీ పిచ్చుక

---

నాన్నా,

కట్టలు అందాయి. లోపల ఒక చీటీ ముక్కయినా పెట్టలేదు మీరు. కోపంతో కట్టారని ఆ ముళ్ళు చూస్తేనే తెలిసింది, కత్తెర పెట్టాల్సి వచ్చింది. అయినా పంపారు, అది చాలు.

రెండు వారాలుగా మా ఇంట్లో భోజనాల బల్ల మీద కంచాలకి చోటు లేదు. ఒక్కొక్కరి పేజీని వాళ్ళే కొట్టిన తర్వాతి పేజీతో జత చేశాను. మీ ఎర్ర కట్ట ఒక వైపు, అమ్మ నీలం కట్ట ఒక వైపు. మీ కట్టలో అన్నిటికంటే ఎక్కువ తప్పులున్న పేజీలు తీసి చూస్తే, పదింట ఎనిమిదింటికి తర్వాతి పేజీ మెరుగ్గా ఉంది. మీరన్నట్టే. తర్వాత అమ్మ కట్ట తీశాను. తిట్టే నాథుడు లేడు, అయినా అక్కడా పదింట ఎనిమిది. బాగా కొట్టిన పేజీల తర్వాతివి రెండు కట్టల్లోనూ ఒకేలా దిగజారాయి. నేర్చుకునేవాళ్ళు కాబట్టి ఎలాగూ తప్పులు మెల్లగా తగ్గుతుంటాయి, ఆ తగ్గుదల తీసేసి చూసినా ఇదే తేలింది. మీ తిట్లకి పని లేదు నాన్నా. మెచ్చుకోలుతో చెడిందీ లేదు. ఎగిరి గంతేసినంత పనిచేశాను.

పట్టిక పట్టుకెళ్ళి మేడమ్‌కి చూపించాను. ఆవిడ పట్టికని ఒక్క చూపు చూసి, నా సంచిలో విడిగా రబ్బరు బ్యాండు వేసి ఉన్న కాగితాలేమిటని అడిగింది. అవి జత దొరకనివి, తర్వాతి పేజీ లేదు కాబట్టి పక్కన పెట్టానన్నాను. "ఎందుకు లేదు?" అంది ఆవిడ.

ఇంటికొచ్చి చూశాను. టైపు పరీక్ష దాకా వచ్చి ముగించినవాళ్ళని తీసేస్తే, తర్వాతి పేజీ లేదంటే ఆ మనిషి మళ్ళీ రాలేదని. నీలం కట్టలో అలాంటివి ఏదో ఒకటీ అరా. ఎర్ర కట్టలో దండిగా ఉన్నాయి, అందులోనూ చాలావరకు బాగా తప్పులున్న పేజీలే. మీ కంటికి కనబడింది మర్నాడు వచ్చినవాళ్ళు. వాళ్ళు బాగానే కొట్టారు. రానివాళ్ళని చూడ్డానికి వాళ్ళు అక్కడ లేరు.

ఆ కాగితాల్లో అడుగున నా పేరు కూడా ఉంది. కట్టలో ఒక్క తప్పు పేజీ, దానికి జతగా ఈ ఎర్ర సున్నాల పేజీ, ఆ తర్వాత ఏమీ లేదు.

చిన్నదాన్ని పంపను నాన్నా. కోపంతో కాదు, ఆలోచించే నిర్ణయించుకున్నాను. దానికింకా చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీ పిచ్చుక

---

పిచ్చుకా,

ఎర్ర పెన్ను సొరుగులో పెట్టే చదివాను. ఈ ఉత్తరం టైపులో కొడుతున్నాను, చేత్తో రాస్తే నా వేళ్ళు వణుకుతున్నాయని నీకు తెలిసిపోతుంది. మిషను మీద వణికితే ఒక అక్షరం పక్కన పడుతుంది, అంతే.

మొదట కోపం వచ్చింది. పాచికలకీ మనుషులకీ పోలికేమిటని మీ అమ్మ మీద ఎగిరాను. ఆమె పప్పు డబ్బా మూత పెడుతూ "సరే, ఇంకో మాట చెప్పండి" అంది. ఆ తర్వాత నీ లెక్కలో తప్పు వెతకడానికి కూర్చున్నాను. ఒకటి దొరికింది. మీ అమ్మ కూర్చున్న వారాల్లో పరీక్ష దగ్గర పడింది, అందరూ ఫీజు కట్టేశారు. ఆ సమయంలో ఎవరు మానేస్తారు? కాబట్టి నీలం కట్టలో మానేసినవాళ్ళు తక్కువుండటం మీ అమ్మ గొప్పతనమని నీ కాగితాలు చెప్పలేవు. ఇది మీ మేడమ్‌కి చూపించు, ఒప్పుకుంటుంది.

గెలిచాననే అనుకున్నాను. కానీ అంకెలు చెప్పలేకపోతే మనుషులని అడగొచ్చు కదా అని తోచింది. మందుల షాపతను మధ్యలో మానేసినవాడే. వెళ్ళి అడిగితే, భుజం నొప్పి వల్ల మానేశానన్నాడు. సంతోషంగా, అలాగే మానేసిన ఫోటో స్టూడియో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేను ఆ రోజు ఆమెతో అన్న మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. "ఈ చేతులు అంట్లు తోముకోవడానికే పనికొస్తాయన్నారు మాస్టారూ" అంది. కోపంగా కూడా అనలేదు. నాకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. బస్సెక్కబుద్ధి కాక ఇంటిదాకా నడిచాను.

ఇప్పుడు నీ రెండు పేజీల సంగతి. నువ్వు వాటిని ఒకలా చదివావు. నేను ఇన్నేళ్ళూ ఇంకోలా చదివాను. ఒక్క తప్పు పేజీ రోజున నేను నిన్ను అందరి ముందూ మెచ్చుకున్నాను. మర్నాడు నీ వేళ్ళు కొయ్యబారిపోయాయి, మూడో రోజు నువ్వు రాలేదు. నా మెచ్చుకోలే నీ చేతుల మీద బరువై కూర్చుందనుకున్నాను. పొగిడితే ఇంతే అన్నది నిన్ను కాదు, నన్ను నేను అనుకున్నాను. నా పిల్లని నా నోటితోనే చెడగొట్టుకున్నానని నాకు భయం పట్టుకుంది. అప్పటినుంచి నీకు ఏ మంచి జరిగినా నాలుక కరుచుకుని కూర్చున్నాను. ఉద్యోగం వచ్చిన రోజు రిబ్బను మార్చుకుంటున్నానన్నావు. అది కొత్త రిబ్బనే, ఆ పొద్దున్నే మార్చాను. మెచ్చుకుంటే ఆ ఉద్యోగం కూడా పోతుందేమోనని, చేతులకి ఏదో ఒక పని కల్పించుకున్నాను.

పాచికలకి చెవులున్నాయా అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ చదివాను. అంటే ఆ రోజు నా మెచ్చుకోలు నిన్నేమీ చేయలేదన్నమాట. ఇన్నేళ్ళ భయం దండగన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియక మీ అమ్మని పిలిచాను.

వారం రోజులుగా ఇన్‌స్టిట్యూట్‌లో మీ అమ్మ మాటే అంటున్నాను. నోరు దురద పెడుతోంది, అయినా అంటున్నాను. చిన్నదాన్ని పంపడం నీ ఇష్టం, నేనడగను. పంపితే మాత్రం నా కుర్చీలో మీ అమ్మ కూర్చుంటుంది, నేను రిబ్బన్లు మారుస్తాను.

నీ రెండో ఉత్తరం చాలా బాగుంది. ఒక్కొక్క కాగితానికి జత వెతికిన ఓపిక, దొరకనివి తీసి మళ్ళీ చూసిన నిజాయితీ, నాకు గర్వంగా ఉంది. నీ లెక్క ప్రకారం తర్వాతి ఉత్తరం ఇంత బాగా రాదు. రాకపోయినా రాయి.

మీ నాన్న

---

నాన్నా,

పరీక్ష సంగతి మేడమ్‌కి చూపించాను. ఒప్పుకుంది. మీ నాన్నగారిని కూడా తరగతికి తీసుకురమ్మంది.

మీ ఉత్తరం ఆఫీసులో, పార్సిళ్ళ మధ్య నిలబడి చదివాను. ఆ తర్వాత ఏ పార్సిల్ ఏ గూట్లో పెట్టానో దేవుడికే తెలియాలి. ఇంకా రాయాలని ఉంది కానీ మాటలు కుదరడం లేదు. మీరన్నట్టే ఇది బాగా రాలేదు.

శనివారం చిన్నదాన్ని తీసుకుని వస్తున్నాను. కిటికీ పక్క మిషను దానికి. దాని పక్కది నాకు ఉంచండి, నేనూ ఒక పేజీ కొట్టాలి.

మీ పిచ్చుక