ఎనభైరెండు, ఎనభైమూడు

6 జులై 2003, ఆదివారం

గోల్ఫ్ క్లబ్బు హ్యాండీక్యాప్ పుస్తకం మా ఇంటికి వచ్చింది. సెక్రెటరీ హనుమంతరాయుడు సార్ తానే స్కూటర్ మీద తెచ్చి టేబుల్ మీద పెట్టినాడు. ఇంతవరకూ చూసిన క్లర్కుకు గుత్తికి ట్రాన్స్‌ఫర్ అయిందంట. నేను గోల్ఫ్ కర్ర పట్టి ఎరగను, నాకెందుకు సార్ అన్నా. అందుకే నీకు అన్నాడు. ఆడేవాళ్ళ చేతికిస్తే ఎవరి నంబర్ వాళ్ళు దిద్దుకుంటారంట. నువ్వు లెక్కల టీచరువి, నీకు ఎవరి మీదా కోపం లేదు, ఎవరితో పోటీ లేదు అన్నాడు.

మా ఆయన మల్లికార్జున నవ్వినాడు. గుంతకల్లులో నీళ్ళ ట్యాంకర్ వారానికి రెండుసార్లు, మనకు గోల్ఫ్ క్లబ్బు ఒకటి అన్నాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళ పుస్తకాలు చూసిన మనిషి, ఈ పుస్తకం మాత్రం తెరిచి చూడలేదు.

నేను చూసినా. ముప్పై ఒక్కమంది మెంబర్లు. పేరుకొక పేజీ.

8 జులై

ఇప్పటికి అర్థమైంది. బాగా ఆడే మనిషి పద్దెనిమిది హోల్స్, అంటే బంతి పడాల్సిన గుంతలు, డెబ్బై దెబ్బల్లో ముగించల్ల. ఒకాయన మామూలుగా ఎనభైరెండు కొడతాడు అనుకుంటే, ఆయన హ్యాండీక్యాప్ పన్నెండు. పోటీలో ఆ పన్నెండూ కన్సెషన్ కింద తీసేసి చూస్తారు. అట్ల చేస్తే నిన్న నేర్చుకున్నోడు కూడా ఛాంపియన్ పక్కన నిలబడొచ్చు.

నాకు ఇది శానా నచ్చింది. మా తొమ్మిదో తరగతికి ఇట్లాంటిది ఒకటి ఉంటే బాగుండు.

కానీ అంతా ఒక్క కాగితం మీద ఆధారపడి ఉండాది. ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కబెట్టి కార్డు మీద రాయల్ల; కొట్టకముందే కర్ర తగిలి బంతి కదిలినా ఒక దెబ్బ కిందే లెక్క. కూడా నడిచిన మనిషి చూసి సంతకం పెట్టల్ల. ఆడ అంపైర్ లేడు.

11 జులై

దొంగ కార్డు ఎట్లుంటుందో చూడాలని ఉండాది. తప్పేమో.

13 జులై, ఆదివారం

మూడేళ్ళ కార్డులు నేల మీద పరిచినా. అర్ధగంటలో ఒకటి దొరికింది. కాంట్రాక్టర్ బయ్యన్న. ప్రతి కప్పు పోటీకి ముందు రెండు నెలలు ఆట చెడిపోతాది. కన్సెషన్ పెరుగుతాది. కప్పు దినం ఆట ఎట్లనో బాగైపోతాది. సార్‌కు చెప్పినా. అందరికీ తెలుసమ్మా, రాసి చూపించినోళ్ళే లేరు అన్నాడు. హ్యాండీక్యాప్‌లో నాలుగు తగ్గించమన్నాడు. తగ్గించినా. అంతే. ఇంత సులభమా అనిపించింది.

రెండోది మాత్రం అర్థం కావడంలేదు. వీరప్పన్న. మా వెనక లైన్ క్వార్టర్స్‌లో ఉంటాడు. వాళ్ళావిడ మారెక్కా నేనూ ట్యాంకర్ కాడ బిందెలు పక్కపక్కనే పెడతాం. పాత కార్డుల్లో ఆయన ఆట అందరి మాదిరే ఉండాది. ఒక వారం డెబ్బైతొమ్మిది, ఒక వారం తొంభై. పోయిన నవంబర్ నుంచి చూస్తే ఎనభైరెండు, ఎనభైమూడు, ఎనభైరెండు, ఎనభైరెండు, ఎనభైమూడు. ఎనిమిది నెలలుగా ఇదే. గాలి కొట్టినా, ఎండ కాసినా ఇదే. మనిషి చేతికి ఇది సాధ్యం కాదు. అన్నిటికీ సంతకం ఒక్కరిదే, ఎప్పుడూ ఆయన కూడా నడిచే చెన్నప్పది.

కప్పుకు మాత్రం పేరు ఇయ్యడం మానేసినాడు. కప్పులో సంతకం పెట్టే మనిషిని చీటీ తీసి వేస్తారు.

14 జులై

బయ్యన్న మోసం గెలవడానికి. వీరప్పన్న కప్పుకే రాడు, ఆయన మోసం దేనికి? ఉన్నదానికంటే బాగా ఆడతానని రాసుకుంటే కన్సెషన్ పోతాది. ఓడిపోతాడు. పిల్లలు మార్కుల కోసం కాపీ కొడతారు. నష్టం కోసం కాపీ కొట్టినోడిని నేను చూడలేదు.

సార్‌ను అడిగితే పరువు కోసం అన్నాడు. ఒకప్పుడు మూడు కప్పులు గెలిచిన మనిషంట. వయసు మీద పడింది, ఒప్పుకోలేక అట్ల రాస్తాండాడు, ఎవరికీ నష్టం లేదు, వదిలెయ్ అన్నాడు.

వదలాలనే ఉండాది. నిద్ర పట్టడంలేదు.

27 జులై, ఆదివారం

పొద్దున ఆరుకే పోయి క్లబ్బు వరండాలో కూర్చున్నా. పచ్చిక అనేది లేదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, అంచుల్లో సర్కారు తుమ్మ. హోల్ చుట్టూ ఉండాల్సిన గ్రీన్ కూడా ఇసకే. వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి చదును చేసినారు. ఎర్రమట్టి మీద తెల్లబంతి అర్ధఫర్లాంగు నుంచి కూడా కనిపిస్తాది. నాకు కనిపించింది.

వాళ్ళిద్దరూ వచ్చినారు. వీరప్పన్న కొట్టకముందే చెన్నప్ప ముందుకు నడిచిపోయి నిలబడి దగ్గుతాడు. వీరప్పన్న ఆ దగ్గు వైపు తిరిగి కొడతాడు. కొట్టినాక తల పైకెత్తడు. చెన్నప్ప ఏదో చెప్తాడు. అప్పుడు నడుస్తాడు. నేను వెనకాల దూరంగా నడుస్తా వేళ్ళ మీద లెక్కబెట్టినా. తొంభైఎనిమిది.

ఏడో హోల్ కాడ బంతి ఆయన ముందర మూడు అడుగుల్లో ఉండాది. ఆయన దాన్ని దాటిపోయినాడు. చెన్నప్ప పిలిచి వెనక్కి తెచ్చినాడు.

క్లబ్బు కార్డుల డబ్బాలో వేసింది ఎనభైమూడు.

27 జులై, మధ్యాహ్నం

వీరప్పన్న గూడ్స్ డ్రైవర్. చెన్నప్ప ఆయన ఇంజన్లో అసిస్టెంట్. అన్నం ముందర కూర్చున్నాక తట్టింది.

28 జులై

మల్లికార్జునకు చెప్పినా. నువ్వు డాక్టర్‌వి కాదు, ఆటలో చూసింది ఆటలోనే ఉంచు అన్నాడు. ఈ కాలనీలో ఇంకా పదకొండేళ్ళు ఉండల్ల మనం అన్నాడు. అదీ నిజమే.

కానీ డ్రైవర్లకు కంటి పరీక్ష ఎంత గట్టిదో ఆయనే చెప్పినాడు. వీరప్పన్నకు మళ్ళీ పరీక్ష ఎప్పుడు అని అడిగితే కనుక్కుని వచ్చి చెప్పినాడు. జనవరి.

3 ఆగస్టు, ఆదివారం, ఉదయం 11 గంటలు

వేడిమీద రాస్తాండా. పుస్తకం చూసే మనిషి ఎవరి కూడానైనా నడవొచ్చని రూలు. సార్‌ను అడిగి పేరు రాసుకున్నా. చెన్నప్ప మడకశిరకు పెండ్లికి పోయినాడు. వీరప్పన్న ఒక్కడే వచ్చినాడు. నన్ను చూసి, టీచరమ్మా నువ్వా అన్నాడు. మానుకుంటాడేమో అనుకున్నా. మానుకోలేదు.

మొదటి దెబ్బ బాగా కొట్టినాడు. చేతికి అలవాటు ఉండాది కదా. కొట్టి అట్లే నిలబడినాడు. బంతి యాడ పడిందో నేను చెప్తానని కాచుకున్నాడు. నేను చెప్పలేదు. కొంచెంసేపటికి నడిచినాడు, బంతికి ఎడమపక్కగా, నలభై అడుగులు తప్పి. తుమ్మచెట్ల దాకా పోయి వెతికినాడు. చూడలేక నేనే పోయి బంతి పక్కన నిలబడినా.

నాలుగు హోల్స్ అట్లే ఆడినాం. ఐదో హోల్ కాడ అడిగినా.

"అన్నా, బంతి కనపడతాండాదా?"

కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడినాడు. "దగ్గర్లో ఉంటే కనపడతాది" అన్నాడు.

"సిగ్నల్?"

"చెన్నప్ప చెప్తాడు. వాడు చెప్పింది నేను తిరిగి చెప్తా. రూలు ప్రకారం ఇద్దరం చెప్పుకోవల్ల కదా, బయట ఎవరికీ తెలీదు."

ఆ తర్వాత అన్నీ ఆయనే చెప్పినాడు. నేను అడగలేదు. పోయిన దీపావళి నుంచి రెండు కండ్లకూ ముందర పొగ మాదిరి అడ్డం వస్తాండాదంట. ఎడమది ఎక్కువ. రాత్రి లైట్ల చుట్టూ రింగులంట. రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్ళు. ఇంజన్ మీద నుంచి దించేస్తే స్టోర్లో స్టూలు మీద కూర్చోబెడతారు, ఇరవైఎనిమిదేళ్ళు బండి నడిపినోడు ఆడ ఎట్ల కూర్చునేది అన్నాడు. ఆటలో నంబర్ పెరిగిపోతే ఎవరో ఒకరు ఏమైంది వీరప్పా అని అడుగుతారు. అందుకే కార్డు. కప్పుల మీద ఆశ కాదు.

మిగతా హోల్స్ కూడా ఆడదాం అన్నాడు. ఆడినాం. నూటనాలుగు. కార్డు మీద అంతే రాసినా. ఆడినోడి సంతకం యాడ పెట్టల్ల అని ఆయన అడిగితే గీత మీద నా వేలు పెట్టి చూపించినా. నా వేలు ఆనించి పెట్టినాడు.

అన్నా, రేపు డ్యూటీ ఎక్కొద్దు అన్నా. సిక్ రిపోర్ట్ ఇయ్యి, ఇయ్యకపోతే నేనే పోయి చెప్తా అన్నా. ఆయన సైకిల్ నడిపించుకుంటా పోయినాడు. ఎక్కలేదు.

4 ఆగస్టు

చెన్నప్ప స్కూలుకు వచ్చినాడు. వీరప్పన్న ఫోన్ చేసి చెప్పినాడంట, పెండ్లి బట్టల్లోనే, బస్సు దిగి నేరుగా. వరండాలో నిలబెట్టి గట్టిగా మాట్లాడినాడు. ఎనిమిది నెలల్లో ఒక్క సిగ్నల్ దాటలేదంట. ఆయప్ప చేయి, నా కన్ను, ఒక డ్రైవర్ సరిపోడా అన్నాడు. ఆటబొమ్మల పుస్తకం పెట్టుకుని మనిషి అన్నం తీస్తాండావు అన్నాడు. పిల్లలు కిటికీల్లో నుంచి చూస్తాండారు.

నాకూ కోపం వచ్చింది. కానీ ఒక్కటే అడిగినా.

"నువ్వు లీవులో ఉన్న దినం?"

"ఆ దినం ఆయప్ప కూడా లీవు పెడతాడు."

"ఎప్పుడూనా?"

తలుపు పక్క గోడ కేసి చూసినాడు. "ఒకసారి కుదరలేదు" అన్నాడు. ఆ ఒకసారి ఏమైందో చెప్పలేదు. దండం పెట్టకుండా పోయినాడు.

5 ఆగస్టు

నిన్న లీవులో ఉన్నాడంట, ఈ పొద్దు తొమ్మిదిన్నరకు వీరప్పన్న సిక్ రిపోర్ట్ ఇచ్చినాడు. మల్లికార్జున చూసి వచ్చి చెప్పినాడు. చెప్పి నా భుజం మీద చేయి వేసినాడు.

9 ఆగస్టు

శుక్లాలు. రెండు కండ్లకూ. ఆపరేషన్ చేస్తే చూపు వస్తాదంట. బండి మాత్రం ఇంక నడపనియ్యరంట.

15 ఆగస్టు

జెండా ఎత్తినాక క్లబ్బు బోర్డు మీద కొత్త లిస్టు పెట్టినా. వీరప్ప, ఇరవైనాలుగు. అంతకు మించి ఇయ్యకూడదు. బోర్డు కాడ అంతా గుమిగూడినారు. బయ్యన్న, పన్నెండు నుంచి ఒక్క దూకుకు ఇరవైనాలుగా, మేడమ్‌కు ఎవరి మీద కోపం అన్నాడు. హనుమంతరాయుడు సార్ ఆయన వైపు చూసినాడు. బయ్యన్న టీ తాగడానికి పోయినాడు.

చెన్నప్పకు ఏడాది పాటు వేరేవాళ్ళ కార్డుల మీద సంతకం పెట్టే హక్కు లేదని కమిటీ రాసింది. రాసింది నా చేతితోనే.

22 ఆగస్టు

మారెక్క ట్యాంకర్ కాడ నా పక్క నుంచి బిందె తీసి ఇంకో లైన్లో పెట్టింది.

7 సెప్టెంబర్

వాన లేదు. వేరుసెనగ ఎండిపోయిందని రాయదుర్గం బస్సులో అందరూ అదే మాట.

పుస్తకం తెరిచినా. ఇంక ఎవరి పేజీలోనూ నాకు ఏమీ కనపడడంలేదు. మొన్నమొన్నటి దాకా ఎంత ఆత్రంగా చూసినానో. నిజం చెప్పల్ల అంటే, వరండాలో కూర్చున్న దినం నా మనసులో రైళ్ళు లేవు, న్యాయం లేదు. ఈ లెక్క ఎందుకు ఇట్ల ఉండాది అనే ఒక్కటే ఉండింది. దాని వెనకాల ఒక మనిషి ఉంటాడని అనుకోలేదు. అనుకునుంటే పోయుంటానా? తెలీదు.

ఆయన కూడా ఆ పొద్దు ఆడకుండా పోవచ్చు కదా. చెన్నప్ప లేడని తెలిసీ వచ్చినాడు. నన్ను చూసీ ఆడినాడు. ఎందుకు? ఇది కూడా తెలీదు. అడగను.

19 అక్టోబర్

రెండో కంటి ఆపరేషన్ అయిందంట. చెన్నప్పే కూడా ఉండి చూసుకున్నాడని మల్లికార్జున చెప్పినాడు.

24 నవంబర్

మారెక్క ఇంటికి వచ్చింది. సంచిలో అలసందలు తెచ్చింది. కూర్చోలేదు. మా ఆయప్ప గోడ మీద క్యాలెండర్ కాడ నిలబడి సన్న అక్షరాలన్నీ చదువుతాండాడు, పండగలూ, అమావాస్యలూ, అన్నీ పైకి చదువుతాండాడు, ఇంట్లో ఉండలేకపోతాండా అన్నది. స్టోర్లో పని నచ్చలేదంట. ఎవరి కూడా మాట్లాడడంట. నా మీద ఇంకా కోపం ఉండాదో లేదో ఆ ముఖంలో కనుక్కోలేకపోయినా. వాకిలి దాకా పోయి నిలబడినా. మారెక్క వెనక్కి తిరిగి చూడలేదు.

అలసందలు వండినా.

14 డిసెంబర్, ఆదివారం

డబ్బాలో వీరప్పన్న కార్డు. తొంభైఏడు. సంతకం హనుమంతరాయుడు సార్‌ది. నాలుగో హోల్ కాడ ఆరు కొట్టేసి ఏడు చేసి ఉండాది. సార్‌ను అడిగితే, నేనైతే ఆరే రాసినా, నాకేం కనపడలేదు అన్నాడు. దిద్దింది వీరప్పన్న. పక్కన పెన్సిల్‌తో, శానా సన్నగా:

బంతి కదిలింది. నేను చూసినా.