మనవరాలి విమానం మ్యాప్‌లో కనబడని పూట

జూలై 8
చెప్పేది నేను, రాసేది పై వాటాలో అద్దెకుండి సినిమా డైలాగులు దిద్దే పద్మ. నాకు అక్షరం రాదు. నా మాట ఒకచోట ఉండాలి, అంతే.

మనవరాలు స్వప్న వైమానిక దళంలో పెద్ద సరుకుల విమానం నడుపుతుంది. నిన్న ఫోన్ చేసింది. గాలిలోనే ఇంకో విమానం నుంచి ఆయిల్ పట్టుకోవడం నేర్చుకుంటోందట.

"దాని వెనకకు చేరినంక మా సిగ్నల్ బంద్ చేస్తం నానమ్మా. ముందున్న ఆయిల్ విమానమే ఇద్దరి తరఫున సిగ్నల్ ఇస్తది. ఫోన్ల విమానాల మ్యాప్ ఉంటది గద, దాంట్ల మేం కనబడం. అమ్మకు చెప్పకు, ఆగమైతది."

చెప్పనన్నాను.

జూలై 10
కోడలు రమ పొద్దస్తమానం ఫోన్‌లో, ఎగిరే విమానాలను చుక్కలుగా చూపే ఆ మ్యాప్ ముందే. అన్నం చల్లారిపోతోంది.

జూలై 12
మధ్యాహ్నం. సముద్రం మీద రెండు చుక్కలు... దగ్గరపడ్డాయి. ఒకటి మాయం, స్వప్నదే.

రమ గోడకు జారి కూలబడింది. నీళ్లు చల్లాను. కళ్లు తెరిచి, నా బిడ్డ పోయిందని అదే మాట. ఊపిరి అందడం లేదు. అప్పుడు చెప్పాను.

"పోలేదే. ఆయిల్ పడుతున్నది. సిగ్నల్ వాళ్లే బంద్ చేసిన్రు."

కాసేపటికి చుక్క వచ్చింది. టీ పెట్టుకున్నాం.

జూలై 13
రమది సినిమా పబ్లిసిటీ పని. ఫొటో దొరికితే చేయి ఊరుకోదు. నిన్న రాత్రి, ఒక్క చుక్కే ఉన్న మ్యాప్ ఫొటోకు పోస్టర్‌లా పేరు వేసి — మా అమ్మాయి ఆకాశంలో ఆయిల్ పడుతోందని — గ్రూపుల్లో పెట్టింది. పొద్దుటికల్లా మా యూసుఫ్‌గూడ దాటింది. నాకు తెలిసేసరికి అందరూ శుభాకాంక్షలు చెబుతున్నారు.

జూలై 15
స్వప్న ఫోన్. ఆ ఫొటో చూసి పై అధికారులు పిలిచారట. విచారణ అయ్యేదాకా విమానం ఎక్కొద్దన్నారట.

"నీకొక్కదానికే చెప్పిన, నానమ్మా."

పెట్టేసింది.

జూలై 16
నా మాట ఇది. ఎదుట మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే నోరు కట్టుకుని కూర్చునేదాన్ని కాదు. రేపు అదే జరిగితే రేపూ చెబుతాను. ఫొటో పెట్టింది నేను కాదు.

కొంచెం మెత్తగా రాయనా అని పద్మ. నేను చెప్పినట్టే రాయమన్నాను. ఇది ఆమె దిద్దే సినిమా డైలాగు కాదు.

జూలై 19
రమ ఫొటో తీసేసింది. తప్పు తనదేనని స్వప్నకు చెప్పిందట. నేనెందుకు చెప్పానో అది కూడా చెప్పావా అని అడిగాను. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

జూలై 20
ఏమీ లేదు.

జూలై 27
స్వప్నను మళ్లీ విమానం ఎక్కమన్నారు. తల్లీకూతుళ్లు ఫోన్‌లో చాలాసేపు నవ్వుకున్నారు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది రమ.

"తిన్నవా, నానమ్మా?"

"తిన్న."

మళ్లీ ఎప్పుడు ఎగురుతుందో చెప్పలేదు. నేను అడగలేదు. అవతల ఎవరో పిలుస్తున్నట్టు చప్పుడు... స్వప్న పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు.