ఓ బదులు సున్నా

శనివారం రాత్రి

సంతోషంతో నిద్ర పట్టేలా లేదు. పొద్దున నర్సుగా చేసే మేరీ అక్క ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. "ఉయ్యూరు నుంచి వచ్చిన బాలింతకి అర్జెంటుగా రక్తం కావాలి. మన చర్చి రక్తదాతల యాప్‌లో పెట్టాను, ఒక్కరికీ మెసేజ్ వెళ్లలేదు. నేను ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తున్నా, నువ్వు అదేంటో చూడవే!"

ఆ యాప్‌లో మెసేజ్‌లు పంపే కోడ్ రాసింది నేనే. నా లాప్‌టాప్‌లో పరీక్షించినప్పుడు బాగానే నడిచింది, యాప్ అసలు నడిచే క్లౌడ్ సర్వర్‌లోనే మూగబోయింది. లాప్‌టాప్‌లో, కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతికిపెట్టే కొత్త డీబగ్గర్ తగిలించాను. దాంతో క్లౌడ్‌కి వచ్చే రిక్వెస్టు నేరుగా నా దగ్గరికి వచ్చి, కోడ్‌లో నేను చెప్పిన లైను దగ్గర ఆగుతుంది.

"అక్కా, అదే రిక్వెస్టు ఇంకోసారి పంపు" అన్నాను. వచ్చింది, ఆగింది. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్. సరిగ్గానే ఉందే! ఇంకాస్త దగ్గరగా చూద్దును కదా, అది ఓ కాదు, సున్నా! కంగారులో అక్క సున్నా నొక్కేసింది, ఆ పేరుతో ఏ గ్రూపూ లేక యాప్ ఎవరికీ మెసేజ్ పంపలేదు. సున్నా వచ్చినా ఓ అనే అనుకోమని కోడ్‌లో ఒక లైను కలిపి క్లౌడ్‌లోకి ఎక్కించాను. మెసేజ్‌లు వెళ్లాయి.

ఆటోనగర్‌లో లారీల షెడ్డు నడిపే సుబ్బారావు గారు మెసేజ్ చూసి గ్రీజు చేతులతోనే అందరికంటే ముందు ఆసుపత్రికి చేరారట. "చేతులు కడుక్కోనివ్వండమ్మా, తర్వాత ఎంత కావాలంటే అంత తీసుకోండి" అన్నారట.

ఇంతకుముందు కూడా ఇలా సున్నా నొక్కినవాళ్లు ఉన్నారేమో... వాళ్లకి రక్తం దొరికిందో లేదో... రేపు పాత రిక్వెస్టులన్నీ చూడాలి.

సాయంత్రం అక్క మళ్లీ ఫోన్ చేసింది. "తల్లి లేచి కూర్చుంది. ఇదిగో, విను" అంటూ ఫోన్ పాప దగ్గర పెట్టింది. ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుస్తోంది. ఇక్కడ నేనొక్కదాన్నే నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను.