చూపు బాగుందని రాసుకున్నావు

కృష్ణపట్నం,
12-8-1964.

హెబ్రోను బాబుకు, టోపీలు కుట్టే మామ సలాములు.

వేసవిలో నువ్వు కంటి పని నేర్చుకుంటూ మా ఊరికి వచ్చావు. చూపు చూసే పటం గోడకు తగిలించి, మూడు కాళ్ళ గుర్తులు ఎటెటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపమన్నావు. నాకు ఒక్కటీ కనపడలేదు. కన్ను కోసే కత్తికి భయపడి, వరసలో నా ముందు నిలబడినవాళ్ళ చేతులు ఎటు తిరిగాయో కంఠతా పట్టి చూపించాను. "చూపు బాగుంది" అని రాసుకున్నావు. నిన్ను ఏమార్చానని ఊరంతా చెప్పుకుని నవ్వాను. ఎప్పుడూ వేషాలేసి నవ్వించేవాణ్ణి కదా, అదీ వేళాకోళమే అనుకున్నారు.

ఇప్పుడు సూదిలో దారం ఎక్కడం లేదు. నిన్న బజారులో చేపల గంప తన్నుకుని పడ్డాను. టీ అంగడి అల్లాబక్షు చప్పట్లు కొట్టి, "మామా, గుడ్డోడి ఏషం శానా బాగుండాది, ఇంకోతూరి పడు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ లేచి వంగి సలాము చేశాను. నిజమని చెబితే ఇంకా నవ్వుతారు.

నువ్వైనా నమ్ము బాబూ. మీ డాక్టరు గారిని అడిగి వచ్చి, మళ్ళీ చూడు. కోస్తానన్నా పారిపోను. వాకిట్లోనే నీ పేరు గట్టిగా చెప్పు. మనుషులను గొంతుతోనే గుర్తుపడుతున్నాను. మీ అత్త పోయిన తర్వాత ఈ ఇంట్లో నా గొంతు ఒక్కటే వినపడుతోంది.

మీ మామ