ఏడు వంపుల సంజాయిషీ

జిల్లా రోడ్ల అధికారి గారికి,

కోక్-తాష్ ఊళ్లో రోడ్డు పక్కన గుర్రం పాల కుమిస్ అమ్ముకునే ముసలిదాన్ని రాస్తున్నాను. నారిన్ రహదారి మా ఊళ్లోనే ఏడు వంపులు ఎందుకు తిరిగిందని అడిగారట. కొండ వల్ల కాదు, వాగు వల్లా కాదు. నా చిన్నప్పుడు దారి కొలవడానికి వచ్చినవాళ్లను మా మేనత్త బురుల్ ఆపింది. "రొట్టె తుంచకుండా పోతే మా పరువేం కాను నాయనా, ఒక్క ముక్క నోట్లో వేసుకుని పోండి" అంది. అది చూసి ఎదురింటావిడ, "మా గడప తొక్కరేం? మా రొట్టెలో మన్ను కలిపామా?" అని నిలదీసింది. అలా ఏడిళ్లూ తిరిగారు. కొలత గొలుసూ వాళ్ల వెంటే తిరిగింది.

ఇప్పుడు మీరు రోడ్డును తిన్నగా చేసి, ఊరిని పక్కన పడేస్తామంటున్నారు. ఇక నా కుమిస్ ఎవరు తాగుతారు? అయినా మీ పనికి మేం అడ్డు రాలేదు. మీ ఇంజనీర్లిద్దరూ సోమవారమే వచ్చారు. ఫోను ఎత్తడం లేదని కంగారుపడకండి, ఇవాళ ఐదో ఇంట్లో ఉన్నారు. వాళ్లు పాతిన ఎర్రజెండాలు కూడా అక్కడిదాకా వచ్చాయి.

నమ్మకం లేకపోతే మీరే రండి. పెద్ద అతిథికి పెట్టే గొర్రె తలకాయ మీకోసం తీసి ఉంచాను.

మాది ఏడో ఇల్లు.