ఎంగిలి కంటే ఎక్కువే

అత్తా,

ఈ రోజు నీ సంవత్సరీకం. రాజంపేట ఇంట్లో నీ కొడుకు పొద్దంతా పీట మీద కూర్చున్నాడు. ఒక్కసారి కూడా కడుపు పట్టుకుని లేవలేదు.

నువ్వు పోయేనాటికి విరేచనాలు ఆగక ఆయన ఎముకల గూడైపోయాడు కదా. జ్వరానికి వాడిన యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేశాయని, రోగాలతో పోరాడటం ఒంటికి నేర్పేవి అవేనని ఆ తర్వాత డాక్టరు చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని శుద్ధి చేసి, ఆ బ్యాక్టీరియాను ఈయన పేగుల్లోకి ఎక్కించాలన్నాడు. పరీక్షలన్నీ చేసి నన్నే ఎంచుకున్నారు.

పెళ్లయిన కొత్తలో ఆయన నా కంచంలో చెయ్యి పెడితే, "ఏమప్పా, పెండ్లాం ఎంగిలి తింటాండావా!" అని నువ్వు ఇల్లు ఎగిరిపోయేలా అరిచావు. అది గుర్తొచ్చి ఆసుపత్రిలో పగలబడి నవ్వాను.

"మాయమ్మ ఫొటో ముందర ఈ మాట ఎత్తాకు," అన్నాడాయన.

ఇప్పుడు రోజూ రెండు ముద్దలు సంగటి తిని మూడోది అడుగుతున్నాడు. నాకు అది చాలు. నీకే చెప్పకుండా ఉండలేకపోయాను.

మధ్యాహ్నం ఆయన తన చేత్తో కలిపిన పిండాన్ని భయంభయంగా మిద్దె మీద పెట్టాం. మేం వెనక్కి జరిగామో లేదో, కాకి వచ్చి ముట్టింది.