ప్లాంటుల ఉన్న, అచ్చినంక జూస్త

సంగారెడ్డి,
అక్టోబరు 2004.

కంప్యూటర్ సెక్షన్ యాదగిరి గారికి,

మనిషి పోయాక ఆయన పేరు మీద వచ్చే జవాబు ఎవరిదవుతుంది? మూడేళ్ళుగా ఈ ప్రశ్న నాలోనే ఉంచుకున్నాను. మీ నోటీసు చూశాక మీకైనా తెలుసేమోనని అడుగుతున్నాను.

దసరా నుంచి మీ కంపెనీలో ఎవరి మెయిలూ తెరుచుకోవడం లేదని, అది అహరోను గారి పనేనని, వారంలోగా వచ్చి సర్వర్ సరిచేయాలని రాశారు. ఆయన నా భర్త, ఒకప్పుడు ఆ సర్వర్ చూసుకున్నవారు. మూడేళ్ళ కిందట డ్యూటీ నుంచి వస్తుంటే ముత్తంగి దగ్గర లారీ గుద్దింది. మీ కంపెనీ దండ కూడా పంపింది.

ఇట్లు,
సౌభాగ్యమ్మ, చరిత్ర లెక్చరర్.

తా.క.: నోటీసులో 'స్వయంగా రావలెను' అన్న మాట కొట్టేయండి. రాగలిగితే ముందు ఇంటికే వచ్చేవారు.

*

పటాన్‌చెరు.

మేడమ్ గారికి నమస్తే.

తప్పైంది, మాఫ్ చెయ్యుండ్రి. నేను కొత్తగ చేరిన. సారు సంగతి ఎవ్వలు చెప్పలే. పండుగ ముందట అందరికి ఒక మెయిల్ పంపిస్తే సారు నుంచి ఎంటనే జవాబచ్చింది: 'ప్లాంటుల ఉన్న. అచ్చినంక జూస్త. మీరు తినుండ్రి.' ఉన్నడనుకొని బాయిలర్ కాడికెళ్ళి క్యాంటీన్ దాక దేవులాడిన. క్యాంటీన్ లింగమన్న నా మొకం చూసి, "తినమన్నడు గదా, కూసో ముందు" అన్నడు.

దసరాకు ఆయుధపూజ పద్ధతిగనే చేసినం. సర్వర్ ఆపి, మంచిగ తుడిచి, బొట్లు పెట్టి మళ్ల చాలు చేసినం. గప్పటి సంది పాస్‌వర్డ్ కరెక్ట్ కొట్టినా లోపలికి పోయినట్టే పోయి బయటికి తోలుతున్నది. అందరికి కొత్త పాస్‌వర్డులు ఇచ్చిన, ఫాయిదా లేదు. ఈ వారంల బాగు కాకుంటె నౌకరి ఉండదన్నడు మేనేజర్. సారు ఖాతానే దీనికి మూలమంటున్నడు. శనివారం దాన్ని తీసేస్తున్న.

మీ
యాదగిరి

తా.క.: దిష్టేమోనని మళ్లొక గుమ్మడికాయ కొట్టిన. మిషన్ల గింజలు పడలే, చూసుకున్న.

*

సంగారెడ్డి.

యాదగిరి గారూ,

దయచేసి శనివారం ఏమీ తీయకండి.

మా అత్తగారు మార్తమ్మ కొడుకును తన చేతులతో మట్టిలో పెట్టింది. అయినా ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ నన్ను నెట్ సెంటర్‌కు తీసుకుపోతుంది. ఆమె చెబుతుంది, నేను కొడతాను: మోకాళ్ళ నొప్పి, పాస్టరు గారి ప్రసంగం, కంది ధర. వెంటనే ఆయన మీకు పంపిన మాటలే వస్తాయి. ఆయనే ఎప్పుడో పెట్టిపోయిన జవాబు, యంత్రం దానంతటదే పంపుతుంది. అది ఆయన కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పకపోవడం దయో మోసమో తెలియదు. దసరా నుంచి అదీ రావడం లేదు. ఆమె తెర వైపు చూసి లేస్తోంది.

ఇట్లు,
సౌభాగ్యమ్మ

తా.క.: దసరా సెలవునాడు కూడా ఆయన మీ కంపెనీకి వెళ్ళి, యంత్రం నడుస్తుండగానే బొట్టు పెట్టించి వచ్చేవారు. పండుగ పూట ఇంట్లో ఉండరా అని పోట్లాడితే, లోపలి చిన్న సెల్లు చచ్చిందని, ఆపితే తేదీ మరిచిపోతుందని అనేవారు. నేను సాకు అనుకునేదాన్ని.

*

పటాన్‌చెరు.

అక్కా,

మీ తా.క. చదివి ఉరికిపోయి తేదీ చూసిన. సారు పోయినంక ఇన్నేండ్లు మిషను ఎవ్వలు ఆపలేదట, ఆపింది నేనే. ఇప్పుడది 2000 జనవరిల ఉన్నది. పాస్‌వర్డ్ ఒప్పుకొని లోపలికి పోనిచ్చే చీటీ మీద గా తేదీ ఏస్తున్నది. మన కంప్యూటర్లేమో 2004ల ఉన్నయి. ఈ చీటీ గడువు ఎన్నడో అయిపోయిందని బయటికి తోలుతున్నయి. సారు జవాబు గూడ ఒక్కొక్కరికి వారానికి ఒక్కపారే పోతదట. ఎనుకటికి పోయిన మిషను లెక్కల ఆ వారం ఇంకా కానేలేదు.

సెల్లు మార్చి, తేదీ దిద్దిన. అందరి మెయిల్ తెరుచుకున్నది. నా నౌకరి నిలబడ్డది. కాని కంపెనీల లేనోళ్ల ఖాతాలు తీసెయ్యాలని మేనేజర్ ఇంకా అంటున్నడు. సారుది నేను ఆపి ఉంచిన. మీరెట్లంటె అట్ల.

మీ తమ్ముని లెక్క,
యాదగిరి

తా.క.: ఇన్ని దినాలు మిషను లెక్కల సారు డ్యూటీలనే ఉన్నడు. తేదీ దిద్దేటప్పుడు జెర చెయ్యి ఆగింది.

*

సంగారెడ్డి.

తమ్ముడు యాదగిరికి,

ఆదివారం జవాబు వచ్చింది. ఖాతా ఎలాగూ పోతుందేమో, ఈసారైనా నిజం చెప్పాలని అక్కడే నోరు తెరిచాను. అత్తమ్మా, ఇది ఆయన కాదు, యంత్రం పంపుతుంది అన్నాను. ఆమె చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"గది నాకు మొదటి వారమే ఎరుక బిడ్డా. ఆడు పోయినంక నువ్వు పొయ్యి కాడికే పోకపోతివి. గా తినుండ్రి అన్నది సదివిన దినం ఇంటికొచ్చి ఇంత బువ్వ తిన్నవ్. గందుకే రాపిస్తున్న. నాకు మోకాళ్ళ నొప్పి ఎన్నడున్నది?"

నేను ఆమె కోసం, ఆమె నా కోసం. మూడేళ్ళు చెరొక అబద్ధం మోశాం. ఇద్దరికీ నిజం తెలిసిపోయింది కనుక ఖాతా అవసరం లేదనిపిస్తుంది. మరుక్షణం, తెలిశాక కూడా వచ్చే ఆదివారం ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితే ఎక్కడికి వెళ్ళాలనిపిస్తుంది. మీరు నా మాట కోసం ఆగి ఉన్నారు. తీసేయమని రాసి కొట్టేశాను, ఉంచమని రాసి అదీ కొట్టేశాను.

మీ అక్క,
సౌభాగ్యమ్మ

తా.క.: మేనేజర్ గారిని ఇంకొన్నాళ్ళు ఆపగలిగితే ఆపండి. ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ తేలలేదు.